రెండు పళ్ళ డైనోసార్

స్కూల్ వాట్సాప్ గ్రూపులో 'ఫ్యాన్సీ డ్రెస్ కాంపిటీషన్' అని మెసేజ్ పడిందంటే ఆ వారం పోటీ పిల్లల మధ్య కాదు, పెద్దల మధ్య. ఏ వేషం వెయ్యాలి, అద్దెకు ఎక్కడ దొరుకుతుంది, పక్క ఫ్లాట్ వాళ్ళు ఏం వేస్తున్నారు... ఈ ఆరాలన్నీ పూర్తయ్యాక చివర్లో పిల్లాడి చేతిలో ఒక డ్రెస్సు, నాలుగు లైన్ల డైలాగు పెడతాం. వాడు స్టేజీ ఎక్కి అప్పజెప్పి దిగుతాడు. ఫొటో మనం స్టేటస్‌లో పెట్టుకుంటాం. డ్రెస్సు మర్నాడు షాపుకి వెళ్ళిపోతుంది.

మా అక్క కొడుకు రెండో తరగతి. ఈసారి ఏ వేషం కావాలని అడిగితే వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. డైనోసార్. అద్దె షాపులో డైనోసార్ ఉంది కూడా. గాలితో ఉబ్బే టీ-రెక్స్. లోపల బ్యాటరీ ఫ్యాను బుర్రుమంటూ తిరుగుతూ ఉంటుంది, మొహం దగ్గర చిన్న ప్లాస్టిక్ కిటికీ. "ఊపిరి ఆడుతదా మామా?" అని వాడే అడిగాడు. అట్టపెట్టెలతో మనమే చేద్దామన్నాను.

అక్కకి నచ్చలేదు. "అందరు మంచిగ తయారైతరు. వీడొక్కడు అట్టముక్కలు కట్టుకొని నిలబడితే ఏమనుకుంటరు తమ్మీ? తండ్రి మస్కట్ల ఉన్నడు, డ్రెస్సుకు పైసలు లేవా అంటరు."

ఈ మాటని తేలిగ్గా తీసిపారెయ్యలేం. చేత్తో చేసింది అంటే కొనలేక చేసింది అనే అర్థం మన దగ్గర చాలా ఇళ్ళల్లో ఇంకా ఉంది. యూట్యూబ్‌లో 'డీఐవై' అంటే ముచ్చటపడే మనమే, మన పిల్లాడు స్కూల్‌కి అట్ట వేసుకెళ్తే కాస్త ముడుచుకుపోతాం. అక్క భయం అట్ట గురించి కాదు, జనం చూపు గురించి. దానికి నా దగ్గర జవాబు లేదు. "రెండు వీకెండ్లు ఇవ్వు. నీకు నచ్చకపోతే అద్దెకే తెద్దాం" అన్నాను. అలా ఒప్పందం కుదిరింది.

టీ-రెక్స్ ఎందుకు? మనదే ఉందిగా

డైనోసార్ అనగానే అందరికీ టీ-రెక్సే. అది ఉత్తర అమెరికాది. మన తెలంగాణ మట్టిలో దొరికిన డైనోసార్ ఒకటుందని, దాని పేరులో మన ఊరి పేరు కూడా ఉందని ఎంతమందికి తెలుసు? కోటసారస్ యామనపల్లియెన్సిస్. పాత ఆదిలాబాద్ జిల్లాలో, ప్రాణహిత నది వైపు ఉన్న యామనపల్లి దగ్గర 1970ల చివర్లో దీని ఎముకలు బయటపడ్డాయి. ఒకటో రెండో కాదు, 840 ముక్కలు. కనీసం 12 జంతువులవి. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దీనికి ఈ పేరు పెట్టారు. 'కోట' అంటే రాజుల కోట కాదు. ఆ ఎముకలున్న రాతి పొరల పేరు కోట ఫార్మేషన్.

అదే పొరల్లో దొరికిన ఇంకో పెద్ద డైనోసార్ బారపాసారస్ టాగోరీ. బెంగాలీలో 'బడ పా' అంటే పెద్ద కాలు. రవీంద్రనాథ్ టాగూర్ పేరు కూడా కలిపారు. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. మన కోటసారస్ మాత్రం హైదరాబాద్‌లోనే, బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. బిర్లా మందిర్‌కి వెళ్ళి, పక్కనే ఉన్న దీన్ని చూడకుండా వచ్చేసినవాళ్ళు చేతులెత్తండి.

మొదటి ఆదివారం చిన్నోణ్ణి అక్కడికి తీసుకెళ్ళాను. పొడవాటి మెడ, పొడవాటి తోక, స్తంభాల్లాంటి నాలుగు కాళ్ళు. ఆకులూ అలములూ తినే జంతువు. వాడు కాసేపు నోరు తెరుచుకుని చూసి, "ఇది టీ-రెక్స్‌తోని కొట్లాడితే ఎవరు గెలుస్తరు?" అన్నాడు.

కొట్లాట కుదరదు. టీ-రెక్స్ చివరి రోజులు సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటివి. కోటసారస్ అంతకంటే చాలా పాతది, 16 కోట్ల ఏళ్ళకు పైమాటే. లెక్క వేసి చూడండి. కోటసారస్‌కీ టీ-రెక్స్‌కీ మధ్య ఉన్న కాలం కన్నా, టీ-రెక్స్‌కీ మనకీ మధ్య ఉన్న కాలమే తక్కువ. అంటే ఒక రకంగా టీ-రెక్స్ మనకి పక్కింటి వాడు. కోటసారస్ దానికి ముత్తాతల కాలంది.

ఇంకో సంగతి కూడా చెప్పాను. ఇన్ని ఎముకలు దొరికినా కోటసారస్ తల మాత్రం దొరకలేదు. దొరికినవి రెండు పళ్ళు. దాని దగ్గరి బంధువులను చూసి, తల ఇలా ఉండి ఉండొచ్చని ఊహిస్తారంతే. చిన్నోడు ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చే దారిలో, ఎర్రమంజిల్ దాటాక అన్నాడు. "మరి తల నేను చెయ్యాల్నా మామా?"

అక్కడితో మా డిజైన్ ఖాయమైపోయింది.

అట్టకీ ఒక దారి ఉంటుంది

అట్టపెట్టె అంచుని దగ్గరగా చూడండి. పైనొక కాగితం, కిందొక కాగితం, మధ్యలో అలలు అలలుగా మడిచిన ఇంకో కాగితం. ఇది 3 ప్లై. అలల వరస రెండుంటే 5 ప్లై. ఆన్‌లైన్‌లో బట్టలు, పుస్తకాలు వచ్చే డబ్బాలు ఎక్కువగా 3 ప్లై. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లాంటి బరువైన వాటికి మందం అట్ట వాడతారు.

ఆ అలల గీతలు ఏ దిక్కుకి వెళ్తున్నాయో తెలిస్తే సగం పని అయినట్టే. గీతలు నిలువుగా ఉంటే అట్ట బరువు మోస్తుంది. గీతల వెంబడి మడిస్తే సులువుగా వంగుతుంది, గీతలకి అడ్డంగా మడిస్తే చివుక్కుమని విరుగుతుంది. కాబట్టి ఒంటికి వాడే పెట్టె గోడల్లో గీతలు నిలువుగా ఉండాలి. మెడ, తోకల్లాంటి గుండ్రటి భాగాలకి గీతలు గొట్టం పొడుగునా ఉండాలి. ముందు అట్టని టేబుల్ అంచుకేసి నెమ్మదిగా లాగుతూ ఒకటికి రెండుసార్లు వంచండి. చపాతీ చుట్టినట్టు చుట్టుకుంటుంది.

మడత నీట్‌గా రావాలంటే గీత గీసుకుని, స్కేలు ఆనించి, చెంచా వెనకవైపుతోనో ఇంకు అయిపోయిన పెన్నుతోనో గట్టిగా ఒత్తండి. ఆ తర్వాత మడవండి.

కట్టర్ పని పెద్దలదే. గ్లూ గన్ పని కూడా పెద్దలదే. దాని ముక్కు దగ్గర జిగురు చర్మాన్ని కాల్చేంత వేడిగా ఉంటుంది. పిల్లలకి మైదా జిగురు ఇవ్వండి. పాతకాలంలో సినిమా పోస్టర్లు అంటించింది దాంతోనే. ఒక కప్పు మైదా, నాలుగు కప్పుల నీళ్ళు, ఉండకట్టకుండా కలిపి చిన్న మంట మీద చిక్కబడేదాకా ఉడికించి చల్లార్చాలి. పురుగు పట్టకుండా కొందరు ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు చేతులు పెట్టే జిగురులో కలపొద్దు. కావలసినంతే చేసుకుని, మిగిలింది పారెయ్యండి.

బరువు లెక్క, కావడి లెక్క

స్కూల్ బ్యాగుల మీద 2020లో కేంద్రం తెచ్చిన విధానంలో, బ్యాగు బరువు పిల్లాడి బరువులో 10 శాతం దాటకూడదని ఉంది. వేషానికీ అదే కొలత పెట్టుకున్నాను. మా వాడు 22 కిలోలు. అంటే హద్దు 2.2 కిలోలు. మా డైనోసార్ కిలోన్నర దగ్గర ఆగింది. వంటింటి త్రాసు మీద ప్రతి ముక్కనీ తూచాం. ఆ ఉద్యోగం చిన్నోడిదే.

మొత్తం బరువొక్కటే చూస్తే చాలదు, అది ఎక్కడ ఉందో చూడాలి. వెనక తోక ఒక్కటే ఉంటే పిల్లాడు వెనక్కి వాలిపోతాడు. ముందు మెడ ఒక్కటే ఉంటే ముందుకి తూలుతాడు. రెండూ ఉంటే కావడి. మీరు ఇంటర్‌లో చదివి మర్చిపోయిన మొమెంట్స్ ఇక్కడ పనికొస్తాయి. బరువుని నడుము నుంచి దూరంతో గుణించాలి. మా తోక 400 గ్రాములు, దాని మధ్య బిందువు నడుముకి 60 సెంటీమీటర్ల దూరం. మెడ, తల కలిపి 600 గ్రాములు, దూరం 40 సెంటీమీటర్లు. రెండు వైపులా 24,000. వాడు నిటారుగా నిలబడ్డాడు.

అసలు డైనోసార్ కథ కూడా ఇదే. పాత పుస్తకాల బొమ్మల్లో తోక నేల మీద ఈడ్చుకుంటూ ఉంటుంది. కానీ దొరికిన అడుగుజాడల్లో తోక ఈడ్చిన గీతలు దాదాపుగా కనిపించవు. తోకని గాల్లోనే ఉంచి నడిచేవని ఇప్పుడు అంటారు. అంత మెడకి అంత తోక తూకం అన్నమాట.

ఒంటికి పెట్టె కావాలి. మా బావ పోయినేడు మస్కట్ నుంచి వచ్చినప్పుడు తాళ్ళు కట్టి తెచ్చిన 5 ప్లై డబ్బా అటక మీద ఉంది. ఒక పక్క మార్కర్‌తో పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో బావ పేరు, ఊరి పేరు, ఫోన్ నంబరు. గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి డబ్బా మీదా ఉన్నట్టే. పైమూత, కిందిమూత తీసేసి, నడుముకి పట్టేలా కోసి, మూలలు వంచి కాస్త గుండ్రంగా చేశాం. పాత స్కూల్ బ్యాగు పట్టీలు రెండు పక్కలా చీలికల్లోంచి దూర్చి భుజాల మీదకి తెచ్చాం. పట్టీ దూరే చోట లోపల ఇంకో పొర అట్ట అంటించాలి. లేదంటే పరిగెత్తగానే చిరుగుతుంది.

పిల్లాడి మొహం పూర్తిగా బయటే ఉంటుంది. డైనోసార్ తల వాడి ముందు, మెడ చివర ఉంటుంది. చూపుకి అడ్డం లేదు, ఊపిరికి అడ్డం లేదు, ఒళ్ళంతా చెమట కారేది లేదు. బాత్రూమ్ అర్జెంటైతే రెండు క్లిప్పులు నొక్కితే చాలు, బయటికి వచ్చేస్తాడు. ఈ చివరి పాయింటు రెండో తరగతి తల్లులకి వేరే చెప్పక్కర్లేదు.

"నాకు రెండే కాళ్ళు కద. దీనికి నాలుగు" అని అడ్డం తిరిగాడు చిన్నోడు. న్యాయమైన అభ్యంతరం. వెనక రెండు అట్టకాళ్ళు తాడుతో వేలాడదీశాం. నడుస్తుంటే అవీ ఊగుతాయి.

తోక ఊగాలంటే తోలుబొమ్మని అడగాలి

గట్టి తోక పెడితే తలుపుకి తగులుతుంది, పక్కవాడికి తగులుతుంది, ఆటో అసలే ఎక్కదు. తోలుబొమ్మలాటలో చేతులూ కాళ్ళూ విడివిడి ముక్కలు. కీలు దగ్గర దారంతో ముడేస్తారు. అందుకే అవి అంత సునాయాసంగా ఆడతాయి. తోక కూడా అలాగే.

అట్టతో ఏడు గొట్టాలు చెయ్యండి. మొదటిది పెద్దది, చివరిది చిన్నది. ప్రతిదానికీ నడినెత్తిన చిల్లు పెట్టి ఒకే నైలాన్ తాడు గుచ్చి, గొట్టాలు ఒకదానికొకటి ఆనేలా బిగించి ముడెయ్యండి. పైన తాడు లాగి పట్టుకుంటుంది, కింద అట్ట అట్టకి ఆనుకుంటుంది. అందుకే తోక కిందికి జారిపోదు. పక్కలకి ఊగడానికి మాత్రం గొట్టాల రెండు పక్క అంచులు కాస్త కోసెయ్యాలి. చివరి రెండు గొట్టాలు కొద్దిగా వేలాడితే వేలాడనివ్వండి, అందంగానే ఉంటుంది. తోకని ఒంటికి బ్యాగు క్లిప్పుతో తగిలించండి. ఆటోలో విప్పి ఒళ్ళో పెట్టుకోవచ్చు.

మెడ లోపల వెన్నెముక కావాలి. ఆరు న్యూస్‌పేపర్ షీట్లు బిగుతుగా చుట్టి టేపు వేస్తే కర్రంత గట్టిగా ఉంటుంది, బరువూ తక్కువే.

రంగులు, అభ్యంతరాలు

నీళ్ళ రంగు ఒక్క వైపే వేస్తే పల్చటి అట్ట ఆ తడికి వంకర తిరుగుతుంది. రెండు వైపులా వెయ్యాలి, లేదా ముందు న్యూస్‌పేపర్ ముక్కలు మైదా జిగురుతో రెండు పక్కలా అంటించి పూర్తిగా ఆరబెట్టాలి. ఒంటి పెట్టెకి కూడా లోపల ఒక పూత వేద్దామంటే చిన్నోడు ఒప్పుకోలేదు. డబ్బాని తిరగేసి అంటించడంతో వాళ్ళ నాన్న పేరున్న పక్క లోపలికి వచ్చింది. అక్కడ రంగు వద్దన్నాడు. 5 ప్లై గట్టిది, వంగదులే అని వదిలేశాను.

బయట ఏ రంగు? కోటసారస్ ఏ రంగులో ఉండేదో ఎముకలు చెప్పవు. కాబట్టి అది వాడి ఇష్టం. పసుపుపచ్చ అన్నాడు. ఎందుకంటే, "తంగేడు పూలు తిని అట్ల అయింది." తంగేడు లాంటి పూలమొక్కలు విస్తరించింది కోటసారస్ పోయిన చాలా కాలానికి. అది తిన్నది ఫెర్న్‌లు, సైకాడ్‌లు, సూదాకుల చెట్లు అయ్యుంటాయి. అదే చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఊకెనే పసుపు" అన్నాడు. శాస్త్రం ప్రకారం ఈ జవాబులో వంక పెట్టడానికేం లేదు.

తల పూర్తిగా వాడిదే

తల దగ్గర నేను చెయ్యి పెట్టలేదు. పెట్టాలని చేతులు దురద పెట్టిన మాట నిజం. అరకిలో స్వీట్ డబ్బా తీసుకున్నాడు. మూతని దవడ చేశాడు. కళ్ళకి సోడా మూతలు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ముక్కు చిల్లులు పెన్సిల్‌తో పొడిచాడు, ఒకటి పెద్దదైంది. పళ్ళు రెండే పెట్టాడు. ఖాళీగా ఉంది, ఇంకొన్ని పెట్టరా అంది అక్క.

"దొరికినయే రెండు. మిగిలినయి నాకేం తెలుసు?"

అక్క నా వైపు చూసింది. ఆ తర్వాత అద్దె షాపు మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ రాత్రి పట్టీల కింద భుజాలు ఒరుసుకోకుండా పాత కాటన్ చీర ముక్కలు కుట్టింది కూడా తనే.

స్టేజీ మీద

పోటీ ముందు రోజు మేం ఇంట్లో టెస్టింగ్ చేశాం. కూర్చోవడం, మెట్లెక్కడం, దిగడం, వంగి నీళ్ళ బాటిల్ తీసుకోవడం, ఆటో ఎక్కడం. మీరూ చెయ్యండి. కొన్న డ్రెస్సుకైనా చెయ్యండి. ఇంకో రెండు జాగ్రత్తలు. అట్ట, కాగితం త్వరగా అంటుకుంటాయి కాబట్టి జ్యోతి ప్రజ్వలన దీపాల దగ్గరికి ఈ వేషంతో పంపొద్దు. వానొచ్చే సూచనలుంటే పెద్ద ప్లాస్టిక్ కవరు వెంట ఉంచుకోండి.

ఆ రోజు గాలి టీ-రెక్స్‌లు రెండొచ్చాయి. బాగున్నాయి, పిల్లలు కేరింతలు కొట్టారు. మా వాడు తోక ఊపుకుంటూ నడిచి వెళ్ళాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కిందటేడు ఇదే స్టేజీ మీద అద్దె కోటు వేసుకుని, నేర్పిన డైలాగులో ఒక్క ముక్క కూడా పలకకుండా ఏడుస్తూ దిగిపోయిన పిల్లాడు వీడు.

ఈసారి డైలాగు ఎవరూ రాసివ్వలేదు. "నేను కోటసారస్. మాది యామనపల్లి. నేను ఆకులు తింట. ఎవర్ని ఏమనను" అన్నాడు. జడ్జిగా వచ్చినావిడ నవ్వుతూ, "తల ఏంటి నాన్నా ఇలా ఉంది? పళ్ళు రెండేనా?" అని అడిగారు. వాడు తడుముకోలేదు.

"తల దొరకలేదు మేడమ్. మట్టిలనే ఉన్నది. దొరికేదాక ఇది పెట్టుకొమ్మని నేనే చేసిన."

ప్రైజు రాలేదు. గాలి టీ-రెక్స్‌కి రెండోది, ఝాన్సీ లక్ష్మీబాయికి మొదటిది వచ్చాయి. కానీ కిందికి దిగాక పిల్లలు వాడి చుట్టూ మూగారు. ఇద్దరు తోక పట్టుకుని చూశారు, ఒకడు ఎట్ల చేసినవురా అని అడిగాడు. వాడు ఆ తాడు సంగతి మొదలుపెట్టి, తోలుబొమ్మల దాకా వెళ్ళాడు. ఇంట్లో మా మాటలన్నీ వింటున్నాడని అప్పుడు తెలిసింది.

మొత్తం ఖర్చు 180 రూపాయలు. జిగురు కడ్డీలు, పసుపు రంగు, టేపు, రెండు క్లిప్పులు. టైమ్ మాత్రం రెండు వీకెండ్లు, వారం మధ్యలో రోజుకో అరగంట. టైమ్ లేదనేవాళ్ళని నేనేమీ అనను. షిఫ్టులు, ట్రాఫిక్, పసిపిల్లలు, ఒంటరిగా ఇల్లు నడిపేవాళ్ళు... అద్దెకు తేవడం నేరం కాదు. అప్పుడు కూడా ఒక్కటి వదిలెయ్యండి. ఏదో ఒక ముక్క వాణ్ణే చెయ్యనివ్వండి. కిరీటమో, కత్తో, కనీసం డైలాగో. వంకరగా వస్తుంది. సరిచెయ్యకండి. స్టేజీ మీద ఎవరైనా ఏదైనా అడిగితే వాడికి జవాబు తెలిసేది ఆ ముక్క గురించే.

ఈ వారం ఇంటికి ఏదైనా పార్సిల్ వస్తే డబ్బాని చింపెయ్యకండి. అంచు చూడండి, అల ఒకటా రెండా లెక్కపెట్టండి. దాన్ని పిల్లల ముందు పెట్టి, ఇది ఏమవుతుందో చెప్పమనండి. మా ఇంట్లో ప్రస్తుతం ఒక మిక్సీ డబ్బా వెయిటింగ్‌లో ఉంది. బారపాసారస్ కాలు అవుతుందట.